లైటు డబ్బులు

"అద్దె ఎంతక్కా?" అని అడిగింది కౌంటరు వెనకాల కూర్చున్న తిలగవతి.

అద్దె సాయం ఇచ్చే ఆఫీసులో మొట్టమొదట అడిగే ప్రశ్న అది. దానికి జవాబు చెప్పలేనివాళ్ళు కూడా ఉంటారని ఆ ఆఫీసు పెట్టినవాళ్ళు కలలో కూడా అనుకుని ఉండరు. యోగేశ్వరి చేతిలో ప్లాస్టిక్ సంచీని ఆ చేతినుంచి ఈ చేతికి మార్చుకుంది.

"అద్దె లేదు మిస్" అంది చివరికి.

తిలగవతి తలెత్తి చూసింది. "అద్దె లేకపోతే అద్దె సాయం ఎందుకక్కా?"

తిలగవతి తమిళ పిల్ల. ముప్పై కూడా నిండి ఉండవు. మాట్లాడింది తమిళంలోనే. యోగేశ్వరి ఎస్టేటులో పుట్టి పెరిగిన మనిషి కాబట్టి తమిళం ఆమెకు మంచినీళ్ళప్రాయం. భాషతో ఏ ఇబ్బందీ లేదు. చెప్పాల్సిన మాటతోనే వచ్చింది ఇబ్బందంతా.

"మా పెద్దమ్మ ఇంట్లో వెనక గదిలో ఉంటున్నాం మిస్. ఆవిడ అద్దె తీసుకోదు. లైటుకీ నీళ్ళకీ మాత్రం ఇస్తాం."

"సొంత పెద్దమ్మా?"

"కాదు. మా తెలుగోళ్ళే. వరస కలిపి పిలుచుకుంటాం."

"లైటుకీ నీళ్ళకీ ఎంతిస్తారు?"

"నెలకి నాలుగొందల యాభై రింగిట్లు."

తిలగవతి పెన్ను కింద పెట్టేసింది. "లైటుకీ నీళ్ళకీ నాలుగొందల యాభయ్యా? ఆ ఇంట్లో ఐసు ఫ్యాక్టరీ ఏమన్నా నడుపుతున్నారా అక్కా?"

వెనక కుర్చీల్లో కూర్చున్నవాళ్ళెవరో కిసుక్కుమన్నారు. మొహమాటానికి యోగేశ్వరి కూడా నవ్వింది. నవ్వినందుకు వెంటనే తన మీద తనకే ఒళ్ళు మండింది.

ఈ దేశానికి కూలికి వచ్చిన మన తెలుగువాళ్ళ సంగతి కొంచెం చెప్పకపోతే ఇది అర్థం కాదు. తాతల కాలంలో రబ్బరు తోటల్లో, కొబ్బరి తోటల్లో ఉన్నన్నాళ్ళూ ఇల్లు కంపెనీది. అద్దె అనే మాటే ఎరగరు. తోటలు అమ్ముడుపోయి, జనం టౌన్ల మీద పడ్డాక, ముక్కీ మూలిగీ చవక ఇళ్ళు కొనుక్కున్నవాళ్ళు కొందరు, అదీ లేక వాళ్ళ వెనక గదుల్లో తలదాచుకున్నవాళ్ళు మిగతావాళ్ళు. తెలుగోడి దగ్గర తెలుగోడు అద్దె పుచ్చుకోవడమంటే తల్లిపాలకు ఖరీదు కట్టడమే అనుకున్నారు. అద్దె పరాయివాళ్ళ దగ్గర తీసుకునేది. మరి డబ్బు రాకపోతే ఇంటి వాయిదా కట్టేదెలా? పామూ చావకూడదు, కర్రా విరగకూడదు. అందుకని దానికి లైటు డబ్బులు అని పేరు పెట్టారు. ఇచ్చేవాడికి తెలుసు, పుచ్చుకునేవాడికి తెలుసు, ఆ ఇంటి పిల్లికి కూడా తెలుసు అది అద్దేనని. నోరు తెరిచి అనేవాడు మాత్రం ఒక్కడూ లేడు. ఈ మర్యాద కనిపెట్టిన మహానుభావుడెవడో గాని, వాడికి ఏనాడూ ఆఫీసుల మెట్లెక్కే అవసరం పడి ఉండదు.

తిలగవతి మంచిది కాబట్టి విసుక్కోకుండా విడమరిచి చెప్పింది.

"చూడండక్కా. ఈ సాయం అద్దెకి మాత్రమే. లైటు, నీళ్ళ బిల్లులకి రాదు. చాలామంది ఇంటివాళ్ళు అన్నీ కలిపి ఒకటే మొత్తం తీసుకుంటారు. ఫరవాలేదు. ఇందులో అద్దె ఇంత, బిల్లులు ఇంత అని ఇంటావిడ విడదీసి సంతకం పెడితే, బిల్లులు తీసేసి మిగిలినదానికి మేం ఇస్తాం. మీరేమో మొత్తం బిల్లులే అంటున్నారు. బిల్లులు తీసేస్తే మిగిలేది సున్నా. సున్నాకి నేనేం ఇవ్వను?"

"అది అద్దే మిస్" అంది యోగేశ్వరి గొంతు తగ్గించి, పక్కన తెలుగువాళ్ళెవరైనా ఉన్నారేమోనని చూసి మరీ.

"అలా అని ఆవిడ చెప్పాలి. నెలాఖరుతో ఈ ఏటికి దరఖాస్తులు మూసేస్తాం. శుక్రవారం నేను ఇల్లు చూడ్డానికి వస్తాను. ఆవిడని సంతకానికి సిద్ధంగా ఉండమనండి."

"పెట్టదు మిస్."

"ఎందుకు పెట్టదు?"

యోగేశ్వరి సంచీ చంకన పెట్టుకుని కౌంటరు ముందునుంచి కదిలింది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ పూజారి ఇస్తానని కూర్చున్నా, వరం అడగడానికి నోరు పెగలడం లేదు.

బస్సులో కువాలా సెలంగోర్ తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం ఎండ మాడ్చేస్తోంది. ఆ పెద్దమ్మ పేరు దాలమ్మ. ఆవిడ ఇల్లు తామాన్‌లో, అంటే చవక ఇళ్ళ కాలనీలో, చివరి వరసలో ఉంది. రేకుల కప్పు, ముందు చిన్న వసారా, వెనక వీళ్ళ గది. యోగేశ్వరి ఇంట్లోకి వెళ్ళేసరికి మొగుడు శ్రీకుమార్ మంచం మీద చెమటలో నాని ఉన్నాడు. ఫ్యాను తిరగడం లేదు.

"పెద్దమ్మ ఎప్పుడాపినాది?"

"నువ్వు ఎల్లగానే" అన్నాడు శ్రీకుమార్. "పోనీలే లా. అలవాటైపోనాది." మాట చివర ఆ "లా" ఈ దేశంలో అందరికీ ఉన్న అలవాటే.

ఆమె తడిగుడ్డతో అతని వీపు తుడిచింది. ఒకప్పుడు పామాయిలు గెలల లారీ తోలినవాడు, ఆ లారీ ఎంత మోసేదో తానూ అంత మోస్తానన్నట్టుండేవాడు. రెండు కిడ్నీలూ పోయాక మనిషి సగమయ్యాడు. వారానికి మూడుసార్లు రక్తం కడగాలి. దానధర్మాల మీద నడిచే డయాలిసిస్ సెంటరు ఒకటి ఈ వీధి చివరే ఉంది. చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి ఆమే తోసుకుపోతుంది. ఆ మూడు రోజులూ రొయ్యలు ఒలిచే షెడ్డులో పనికి పోవడానికి ఉండదు, పోకపోతే కూలీ లేదు. వాళ్ళకి పిల్లల్లేరు. ఆదుకునే చెయ్యి ఇంకోటి లేదు. ఈ గది ఉంటే సెంటరుంది. సెంటరుంటే అతనున్నాడు. యోగేశ్వరి బతుకంతా ఇప్పుడు ఆ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతోంది.

మూడు నెలలుగా లైటు డబ్బులు ఇవ్వలేదు. అద్దె తీసుకోని మనిషి అద్దె బాకీ ఎలా అడుగుతుంది? దాలమ్మ అడగలేదు. మొదటి నెల "ఈసారి లైటు బిల్లు మండిపోనాదే పిల్లా" అంది. రెండో నెల నీళ్ళ కుళాయి దగ్గర నిలబడి "నీల్లు ఊరికే వస్తన్నాయేటి" అని గోడతో చెప్పింది. మూడో నెల నుంచి, హాల్లో దేవుడి పటాల పక్కనున్న బోర్డులో వెనక గది స్విచ్చి పగలంతా ఆపేయడం మొదలుపెట్టింది. బాకీ లైటుది కాబట్టి లైటే ఆపింది. లెక్కకి లెక్క సరిపోయింది, ఎవరూ తప్పుపట్టడానికి లేదు.

అలాగని దాలమ్మని రాక్షసి అనుకుంటే పాపం తగులుతుంది. శ్రీకుమార్‌కి ఉప్పు పడదని తెలిసిన రోజునుంచీ అతనికి వేరే చిన్న గిన్నెలో కూర వండింది ఆవిడే. మొదటిసారి అతనికి ఊపిరాడక ఎగశ్వాస వస్తే, డెబ్బై ఏళ్ళ మనిషి కాళ్ళకి చెప్పుల్లేకుండా వీధిలోకి పరిగెత్తి కారున్నవాడిని లాక్కొచ్చింది. ఉగాదికి తెలుగు సంఘంవాళ్ళు దిక్కులేనివాళ్ళకి ఊరికే నీడనిచ్చిన తల్లి అని ఆవిడకు శాలువా కప్పారు. ఆవిడని పొగడమని మైకు యోగేశ్వరి చేతికే ఇచ్చారు. "మా పెద్దమ్మ మా కాడ ఒక్క సెన్ను కూడా అద్దె తీసుకోలేదు" అని యోగేశ్వరి కళ్ళ నీళ్ళు పెట్టుకుని మరీ చెప్పింది. ఎవరూ చెప్పమనలేదు. అలా అనడం మర్యాద, అందుకని అంది. హాలంతా చప్పట్లు. ఇంతా చేసి ఆ చప్పట్లు కొట్టినవాళ్ళలో సగంమంది ఇళ్ళలో లైటు డబ్బులు పుచ్చుకునేవాళ్ళే.

ఇప్పుడు ఆ మనిషి దగ్గరికే వెళ్ళి, నువ్వు అద్దె తీసుకుంటున్నావని సంతకం పెట్టమనాలి.

సాయంత్రం దాలమ్మ వసారాలో పీట మీద కూర్చుని నెత్తళ్ళ తలలు తుంచుతోంది. యోగేశ్వరి పక్కన కూర్చుని తనూ నాలుగు తుంచింది. మాట ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఇంకో నాలుగు తుంచింది.

"పెద్దమ్మా, ఒక సంతకం కావాల."

"ఏటి సంతకం?"

"గవర్నమెంటోళ్ళు సాయం ఇస్తారట. నువ్వు అద్దె తీసుకుంటన్నట్టు రాసియ్యాల. అందులో లైటుకెంత, నీల్లకెంత అన్నది వేరే సెప్పాల."

దాలమ్మ చేతులు ఆగిపోయాయి.

"ఏటన్నావే?"

"కాగితం మీదే పెద్దమ్మా. ఎవలికీ తెలీదు."

"నేను అద్దె తింటన్నానా ఒలే? నీ కాడ? మా అమ్మ సామాన్లు లైనింట్లోంచి బయటకి ఇసిరేసి, వానలో నిలబెట్టినారు ఎస్టేటోళ్ళు. అప్పుడు నేను ఇంతదాన్ని. నాకంటూ ఇల్లుంటే తెలుగోళ్ళ కాడ అద్దె తీసుకోనని ఆ వానలో ఒట్టెట్టుకున్నాను. సంగమంతా ఎరుగుదురు. నువ్వే కదా మైకట్టుకుని సెప్పినావు?"

"సెప్పినాను."

"మరేటి ఇప్పుడు?"

యోగేశ్వరి ఇంకో చేప తల తుంచింది. దాలమ్మ కోపం అంతలోనే చల్లారింది. ఆవిడ కోపం ఎప్పుడూ అంతే. చేపల వాసన చేత్తోనే ఆమె భుజం తట్టింది.

"ఊరికే ఉంటన్నారని రాసుకురా. దిక్కు లేనోళ్ళని ఊరికే ఎట్టుకున్నానని రాయి. ఇప్పుడే, ఈ సేత్తోనే సంతకం ఎడతాను. గవర్నమెంటోళ్ళకి మనసుంటే దానికే ఇస్తారు."

ఆ మాట నిజంగా ప్రేమతోనే అంది. పీక నులమడానికి అంతకన్నా మెత్తటి చెయ్యి దొరకదు. నాలుగొందల యాభై సంగతి ఆ మాటల్లో ఎక్కడా రాలేదు. యోగేశ్వరికి గొంతు దాకా వచ్చింది, నువ్వు పుచ్చుకున్నదేటి మరి, అని. కక్కలేక మింగలేక లేచి లోపలికి పోయింది.

లోపల శ్రీకుమార్ అంతా విన్నాడు. ఆ గోడలు అంత మందంవేమీ కావు.

"బాగన్ దాతుక్ పోదాం" అన్నాడు. "మా అప్పడన్న రమ్మంటన్నాడు. కొబ్బరి తోటలో గది కాలీగా ఉంది. అక్కడ అద్దె లేదు, లైటూ లేదు."

"అక్కడ సెంటరు ఏది మావా? టౌనుకి వారానికి మూడుసార్లు నిన్ను ఎవలు తీసుకెల్తారు? మీ అన్నకి ఉన్నది మోటారుసైకిలు. దాని మీద కూకోగలవా నువ్వు?"

"కూకోలేను."

"మరి అక్కడికెల్లి ఏటి సేస్తావు?"

"పడుకుంటాను" అన్నాడు శ్రీకుమార్.

యోగేశ్వరికి ఒక్క క్షణం అర్థం కాలేదు. పడుకోవడమంటే చావడమని అర్థమయ్యాక భయం వేసింది. అంత భయం ఆమెకు పుట్టాక ఎన్నడూ వేయలేదు. భయం వెనకే కోపం వచ్చింది, ఈడ్చి చెంప మీద కొడదామన్నంత కోపం. ఈ మనిషిని బతికించడానికి తను రొయ్యలు ఒలిచి ఒలిచి గోళ్ళు పుళ్ళు చేసుకుంటుంటే, ఈయన పడుకుంటాడట!

"అలగ మాటాడితే ఊరుకోను. నాకు నువ్వు తప్ప ఎవలున్నారు?"

"ఆ ముసలమ్మ మనకి అన్నం ఎట్టినాది. ఆమె పరువు తీసి బతకాలా లా? సెప్పకు. ఆఫీసోళ్ళ ముందు ఏటీ సెప్పకు. మాటియ్యి."

చెయ్యి చాపాడు. ఆమె అతని దుప్పటి సర్ది, నీళ్ళు తెస్తానని బయటికి వచ్చేసింది. మాట ఇవ్వలేదు.

గోరుచుట్టు మీద రోకటిపోటులా గురువారం పొద్దున్నే మణియం దిగాడు. దాలమ్మకి ఒక్కతే కూతురు, ఇతను ఆ కూతురి మొగుడు, క్లాంగ్‌లో ఉంటాడు. ఇంటి రేకులు మార్పించిందీ, అత్తగారి షుగరు మందులు కొనేదీ ఇతనే. ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో పనిచేసే విదేశపు కుర్రాళ్ళు నలుగురికి ఈ వెనక గది ఇస్తే, తలకింత చొప్పున వస్తుందని ఎప్పటినుంచో పోరుతున్నాడు. ఈసారి కొలతల టేపుతోనే వచ్చాడు.

అన్నిటికన్నా ఘోరం, మణియం చాలా మర్యాదస్తుడు. చెప్పులు బయట విడిచి, "అన్నే, బాగున్నారా?" అని శ్రీకుమార్‌ని పలకరించి, మంచం చుట్టూ టేపు పట్టాడు. ఒక గోడకి రెండంతస్తుల మంచం ఒకటి, ఎదురు గోడకి ఇంకోటి. "అన్నే, కాలు కొంచెం జరుపుతారా" అన్నాడు. శ్రీకుమార్ కాలు జరిపాడు. తన చోటు కొలుచుకోవడానికి తనే దారిచ్చాడు. నెలాఖరుకి గది ఖాళీ చేస్తే చాలన్నాడు మణియం.

యోగేశ్వరి గుమ్మం పట్టుకుని నిలబడింది. "నెలాఖరు దాటాక ఇంకో రెండు నెలలు టైమియ్యండి తంబీ" అంది తమిళంలో.

"అక్కా, మీరు అద్దెకున్నవాళ్ళయితే అడగాల్సిందే. నోటీసివ్వాలి, టైమివ్వాలి. మీరు ఊరికే కదా ఉన్నది? ఊరికే ఉన్నన్నాళ్ళు అత్త ఉంచుకుంది. అంతకన్నా ఏం చేస్తారెవరైనా?"

అతను అబద్ధమేమీ ఆడలేదు. సంఘంలో అందరూ చప్పట్లు కొట్టిన మాటే అతనూ అన్నాడు. దాలమ్మ వంటింట్లో గిన్నెల చప్పుడు చేస్తూ ఉండిపోయింది, బయటికి రాలేదు. అల్లుడికి ఎదురు చెప్పే ధైర్యం ఆవిడకి లేదు, ఉంటే ఎప్పుడో చెప్పేది.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ రోజంతా యోగేశ్వరి ఏం చేసిందో ఆమెకే గుర్తు లేదు. షెడ్డులో రొయ్య ఒలిచి తొక్క పారేయడానికి బదులు తొక్క దాచి రొయ్య పారేసిందని మేస్త్రీ తిట్టాడు. ఆమె వినలేదు. ఒక్కటే లెక్క మనసులో. మర్యాద నిలబెడితే మొగుడు పోతాడు. మొగుడు నిలవాలంటే అన్నం పెట్టిన మనిషి మొహం మీద కొట్టాలి. మూడో దారి ఏదైనా ఉందేమోనని వెతికింది. అమ్మవారికి మొక్కుకుంది కూడా. అమ్మవారు ఏమీ అనలేదు.

శుక్రవారం తిలగవతి కారు వచ్చి ఇంటి ముందు ఆగింది. దాలమ్మ పట్టుచీర కట్టుకుంది, మొహానికి పౌడరు రాసుకుంది, టీ, మురుకులు ప్లేట్లలో పెట్టింది. గవర్నమెంటు మనిషి ఇంటికొచ్చిందంటే ఆవిడకి పెళ్ళివారు వచ్చినంత సంబరం. పొద్దున్నే వెనక గదికి స్విచ్చి కూడా వేసింది.

తిలగవతి గది చూసింది, శ్రీకుమార్‌తో రెండు మాటలు మాట్లాడింది, హాల్లోకి వచ్చి కూర్చుంది.

"పాట్టీ, వీళ్ళ దగ్గర నెలకి అద్దె ఎంత తీసుకుంటారు?" అని అడిగింది, దాలమ్మని తమిళంలో అవ్వా అని పిలుస్తూ.

"అద్దా?" దాలమ్మ నవ్వింది. ఆవిడ తమిళం కూడా గంభీరంగా ఉంటుంది. "నా కూతురిలాంటిది ఈ పిల్ల. కూతురి దగ్గర అద్దె తీసుకుంటారా? ఏదో లైటుకీ నీళ్ళకీ ఇస్తారు, అంతే."

తిలగవతి యోగేశ్వరి వైపు చూసింది. ఇంక నేను చేయగలిగింది లేదన్నట్టు ఉంది ఆ చూపు. సంచీలోంచి తీసిన కాగితాలు మళ్ళీ సంచీలో పెట్టుకోబోయింది.

వెనక గదిలోంచి దగ్గు వినబడింది. వద్దు అన్న దగ్గు. పదిహేనేళ్ళు కాపురం చేసిన మనిషికి మొగుడి దగ్గు తెలియదా? యోగేశ్వరికి తెలిసింది. తెలిసే నోరు తెరిచింది.

"పెద్దమ్మా, నువ్వు అద్దె తీసుకుంటన్నావు" అంది తెలుగులో. తిలగవతికి అర్థం కావాలని అదే తమిళంలో మళ్ళీ అంది. ఒకసారి మొదలయ్యాక ఆగలేకపోయింది. "నెలకి నాలుగొందల యాభై. లైటుకి అంతవ్వదు. నీకు తెలుసు, నాకు తెలుసు. మూడు నెలలు ఇవ్వలేకపోయాను, నువ్వు ఫ్యాను ఆపేశావు. మీ అల్లుడు ఆయన మంచం చుట్టూ టేపు పట్టాడు. అప్పుడు నువ్వు వంటింట్లోనే ఉన్నావు. నేను మైకులో అబద్ధం చెప్పాను పెద్దమ్మా. నువ్వు మంచిదానివే, కానీ అద్దె తీసుకుంటున్నావు. అద్దె అను. ఒక్కసారి అను. లేకపోతే ఆయన చచ్చిపోతాడు."

చివరి మాట అరుపై వచ్చింది. పక్కింటి గ్రిల్లు తెరుచుకున్న చప్పుడైంది. యోగేశ్వరి అక్కడే నేల మీద కూలబడిపోయి, ఇద్దరి ముందూ సిగ్గు లేకుండా ఏడ్చింది.

దాలమ్మ మొహం మీద పౌడరు కింద రంగు మారిపోయింది. ఎదురుగా ఉన్న టీ కప్పు సాసర్లో తిన్నగా సర్దింది. తిలగవతి పిల్లే అయినా తెలివైనది, సంచీలో పెట్టబోయిన కాగితాలు మళ్ళీ ఒళ్ళో పెట్టుకుంది.

"అద్దె అని రాస్తే ఏటవుతాది?" అంది దాలమ్మ చివరికి. తెలుగులో అన్నానని గుర్తొచ్చి తమిళంలో మళ్ళీ అడిగింది.

"వీళ్ళు అద్దెకున్నవాళ్ళవుతారు పాట్టీ. సాయం మా ఆఫీసు నుంచి తిన్నగా మీకే వస్తుంది. వస్తున్నన్నాళ్ళు వీళ్ళని ఉన్నపళంగా పంపడానికి లేదు. ముందు మాకు చెప్పాలి, టైమివ్వాలి."

"ఎవరూ పంపలేరా?"

"ఎవరూ పంపలేరు."

"నా అల్లుడైనా?"

"ఇల్లు మీ పేరు మీదుంటే, ఆయనకేం సంబంధం లేదు."

దాలమ్మ పెన్ను కోసం చెయ్యి చాపింది. తిలగవతి కాగితం ముందు పెట్టి, "ఇందులో అద్దె ఎంత, లైటుకీ నీళ్ళకీ ఎంతో చెప్పండి. లైటు, నీళ్ళు తీసేసి మిగతాది రాస్తాను" అంది.

"తీసేయడానికి లేదు" అంది దాలమ్మ. "మొత్తం అద్దే. నాలుగొందల యాభై అద్దె. లైటుకీ నీళ్ళకీ నేను డబ్బు తీసుకోను. అవి ఊరికే ఇస్తున్నాను. అలా రాసుకో అమ్మా."

తిలగవతి ఆవిడ మొహంలోకి ఒకసారి చూసింది. "మీరు చెప్పిందే రాస్తాను పాట్టీ" అని రాసింది. ఎస్టేటు బడిలో నేర్చుకున్న వంకర టింకర తెలుగు అక్షరాలతో దాలమ్మ సంతకం పెట్టింది. మూడు చోట్ల పెట్టమంటే మూడు చోట్లా పెట్టింది.

కారు వెళ్ళిపోయింది. దాలమ్మ ఫోను తీసి అల్లుడికి చేసింది. యోగేశ్వరి ఇంకా నేల మీదే ఉంది.

"మణియం, గది ఖాళీ లేదు. అద్దెకున్నారు... అవును, అద్దెకే. గవర్నమెంటు కాగితం మీద సంతకం పెట్టాను. మంచాలు ఇంకెక్కడైనా వేసుకో... అవమానమా? నాకు జరిగిపోయింది లే నాయనా, నీకు కొత్తగా జరిగేదేం లేదు." ఫోను పెట్టేసింది.

యోగేశ్వరి నేల మీద పాకుతూ వెళ్ళి ఆవిడ కాళ్ళు పట్టుకుంది. "పెద్దమ్మా, తప్పయిపోనాది. నన్ను కొట్టు. ఆయన కోసం అన్నాను పెద్దమ్మా."

దాలమ్మ కాళ్ళు వెనక్కి లాక్కుంది. విసురుగా ఏమీ లాక్కోలేదు, పరాయివాళ్ళ కాలు తగిలితే జరుపుకున్నట్టు జరుపుకుంది.

"లే. నీ మొగుడి కోసం నువ్వన్నావు. నేనైనా అదే అందును. నాకు కోపం లేదు." కోపం లేదన్నది నిజమే, ఆవిడ గొంతులో కోపం అన్నది మచ్చుకైనా లేదు. యోగేశ్వరికి అందుకే భయం వేసింది. "ఇంక పెద్దమ్మ అని పిలవకు. పెద్దమ్మకి అద్దె కడతారా ఎవలైనా? రేపటినుంచి మీ వంట మీరు వండుకోండి. వెనకవైపు తలుపుంది, అట్నుంచి రండి, అట్నుంచి ఎల్లండి. నెల నెలా రసీదు రాసిస్తాను. ఆఫీసోళ్ళు అడుగుతారట."

"ఆయనకి ఉప్పు లేని కూర..." అని యోగేశ్వరి ఏదో అనబోయింది.

"ఎలగ వండాలో నీకు తెలుసు" అంది దాలమ్మ. టీ కప్పులూ, ఎవరూ ముట్టని మురుకులూ ఒక్కొక్కటిగా పళ్ళెంలోకి తీసుకుంది. వంటింటి గుమ్మంలో ఒక్క క్షణం ఆగింది, తిరిగి చూడలేదు.

వెనక గదిలో శ్రీకుమార్ గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఏడుస్తున్నాడని వీపు చెబుతోంది. రేపు పొద్దున అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి సెంటరుకి తోసుకెళ్ళాలి. ఎల్లుండి కాక ఆవలెల్లుండి మళ్ళీ. అతను బతుకుతాడు. యోగేశ్వరి కళ్ళు తుడుచుకుని, వంటింటి వైపు తిరిగి నిలబడింది. దాలమ్మకి, పెద్దమ్మ అనకుండా, జవాబు చెప్పాలి కదా.

"సరేనండి" అంది.